రెట్టింపు కాలేదంటే ప్రయోగం తప్పినట్టు కాదు

గుంటూరు నుంచి ఇంటర్ రెండో సంవత్సరం విద్యార్థిని అడిగిన ప్రశ్న ఇది: "బంగాళదుంప రసంలో ముంచిన ఫిల్టర్ పేపర్ బిళ్లను ఒక శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో వేశాం. బిళ్ల అడుక్కి మునిగి, ఆక్సిజన్ బుడగలు పట్టి మళ్లీ పైకి తేలడానికి 30 డిగ్రీల దగ్గర 42 సెకన్లు, 40 దగ్గర 33 సెకన్లు పట్టింది. 60 దగ్గర అసలు తేలలేదు. పది డిగ్రీలు పెరిగితే చర్యా వేగం రెట్టింపు అవుతుందని చదువుకున్నాం కదా, 21 సెకన్లు రావాలి. ఎక్కడ తప్పు చేశాం? ఇంకోటి, చర్యకు కావాల్సిన శక్తిని ఎంజైమ్ ఇస్తుందా?"

మీరు తప్పు చేయలేదమ్మా. 42ను 33తో భాగించండి, 1.27 వస్తుంది. బంగాళదుంపలోని ఎంజైమ్ పెరాక్సైడ్‌ను విడగొట్టే ఈ చర్యకు రావాల్సింది సుమారుగా అంతే. నిజానికి మీకు సరిగ్గా రెట్టింపు వచ్చి ఉంటేనే నేను అనుమానపడేవాడిని. రెండో ప్రశ్నకు జవాబు: ఇవ్వదు, రవ్వంత కూడా ఇవ్వదు. ఈ రెండు జవాబుల వెనక ఉన్న విషయం ఒక్కటే కాబట్టి కలిపే చెబుతాను.

మెడికల్ షాపులో దొరికే పెరాక్సైడ్ సీసానే తీసుకోండి. అందులో ఉన్నది నీరుగా, ఆక్సిజన్‌గా విడిపోతే ఒక్కో మోల్‌కు సుమారు 98 కిలోజౌళ్ల వేడి బయటికొస్తుంది. అంటే దారంతా పల్లమే, తనంతట తాను జారిపోవాలి. అయినా ఆ గోధుమరంగు సీసా నెలల తరబడి అలమరలో నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంటుంది. ఎందుకంటే పల్లానికి ముందు ఒక గట్టు ఉంది. పాత బంధాలు సాగి సడలి, కొత్త బంధాలు ఇంకా పూర్తిగా కుదరని ఒక నడిమి అవస్థను అణువు దాటాలి. దాన్నే పరివర్తన స్థితి అంటారు. అక్కడిదాకా ఎక్కడానికి కావాల్సిన శక్తే ఉత్తేజన శక్తి. చర్యను వేగవంతం చేసే ఏ ఉత్ప్రేరకమూ లేకుండా పెరాక్సైడ్ విడిపోవడానికి ఇది మోల్‌కు సుమారు 75 కిలోజౌళ్లు. ఎంత పల్లానికి జారుతుందన్నది ఎంథాల్పీ మార్పు, అంటే చర్యలో వచ్చే లేదా పోయే వేడి చెబుతుంది, ఎంత త్వరగా జారుతుందన్నది గట్టు ఎత్తు చెబుతుంది. ఈ రెంటికీ సంబంధం లేదు. చాలామంది తికమక పడేది ఇక్కడే.

ఇప్పుడు పది డిగ్రీల సంగతి. 30 నుంచి 40కి వేడి చేస్తే అణువుల సగటు వేగం పెరిగేది 1.6 శాతం మాత్రమే. కెల్విన్‌లో చూస్తే 303 నుంచి 313 అయింది, అంతే. అంత చిన్న మార్పుకు చర్య రెట్టింపు ఎందుకవ్వాలి? సగటు అణువు గట్టు దాటదు కాబట్టి. దాటేవి ఎక్కడో కొసన ఉన్న అతి శక్తిమంతమైన కొన్ని మాత్రమే. గట్టు ఎత్తు 50 కిలోజౌళ్లు అనుకుంటే, 30 డిగ్రీల దగ్గర వంద కోట్ల అభిఘాతాల్లో, అంటే అణువులు ఢీకొనడాల్లో, సుమారు 2.4కు ఆ శక్తి ఉంటుంది. 40 దగ్గర అది 4.5 అవుతుంది. గుంపంతా కొద్దిగానే కదిలింది, కొసన ఉన్నవి మాత్రం దాదాపు రెట్టింపయ్యాయి. 1889లో స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటే అర్హీనియస్ చక్కెర విడిపోయే చర్య మీద పనిచేస్తూ ప్రతిపాదించిన సమీకరణంలోని ఘాతాంకం చెప్పేది ఇదే.

అంటే "పది డిగ్రీలకు రెట్టింపు" అన్నది నియమం కాదు, గట్టు 50 కిలోజౌళ్ల దగ్గర ఉన్న చర్యలకు మాత్రమే సరిపోయే మోటు లెక్క. 30 నుంచి 40కి వెళ్లినప్పుడు 75 గట్టున్న చర్య 2.6 రెట్లు అవుతుంది, 50 ఉన్నది 1.9 రెట్లు, 8 మాత్రమే ఉన్నది 1.1 రెట్లు. గట్టు ఎంత ఎత్తయితే వేడికి అంతగా స్పందిస్తుంది. గట్టే లేనివాడికి నిచ్చెనతో ఏం పని? బంగాళదుంపలోని కెటలేజ్ అనే ఎంజైమ్ పెరాక్సైడ్ చర్యకు గట్టును బాగా తగ్గించేస్తుంది. పుస్తకాన్ని బట్టి ఆ విలువ 8 నుంచి 23 దాకా కనిపిస్తుంది. మీ 1.27 చెబుతున్నది ఆ సంగతే.

ఎంత తగ్గించిందో మీ రెండు అంకెలతోనే లెక్క కట్టవచ్చు. బిళ్ల తేలే సమయం ఎంత తక్కువైతే వేగం అంత ఎక్కువ కాబట్టి వేగాల నిష్పత్తి 42 బై 33. దాని సహజ సంవర్గమానం 0.241. ఉష్ణోగ్రతల విలోమాల తేడా, అంటే 303లో ఒకటో వంతు నుంచి 313లో ఒకటో వంతు తీసేస్తే, 0.0001054. మొదటిదాన్ని రెండోదానితో భాగించి వాయు స్థిరాంకం 8.314తో గుణిస్తే సుమారు 19,000 జౌళ్లు. 19 కిలోజౌళ్లన్నమాట. డిగ్రీల్లోనే ఉంచి లెక్క కడితే అంతా తప్పిపోతుంది, కెల్విన్‌లోకి మార్చడం మరవకండి.

ఆ 19ని రికార్డులో రాసే ముందు ఒక్క నిమిషం. 33 అన్నచోట 31 వచ్చి ఉంటే జవాబు 24 అవుతుంది, 35 వచ్చి ఉంటే 14 అవుతుంది. రెండు సెకన్ల పొరపాటుకే జవాబు ఇంత ఊగుతోంది. రెండు బిందువులతో గీత గీయకూడదనేది ఇందుకే. కనీసం ఐదు ఉష్ణోగ్రతలు, ఒక్కోదానికి ఐదేసి బిళ్లలు కావాలి.

ఇంకో చిక్కు ఉంది, దీన్ని ఎవరూ చెప్పరు. పెరాక్సైడ్ కాగితం పోగుల్లోకి ఇంకి, లోపలున్న ఎంజైమ్ దగ్గరికి చేరాలి. నీళ్లలో అణువులు అలా వ్యాపించడానికి కూడా వేడి సాయం చేస్తుంది, ఆ సాయం కూడా 15 నుంచి 20 కిలోజౌళ్ల గట్టులాగే కనిపిస్తుంది. కెటలేజ్ ఎంజైములన్నిట్లో మహా చురుకైనది, కాబట్టి మీరు కొలిచింది ఎంజైమ్ వేగమా, కాగితంలో ఇంకే వేగమా అన్నది తేల్చుకోవాలి. దానికి పరీక్ష సులువు. రసంలో సమానంగా నీళ్లు కలిపి సగానికి పలచన చేయండి. సమయం దాదాపు రెట్టింపైతే కొలుస్తున్నది ఎంజైమ్‌నే. రెట్టింపు కన్నా బాగా తక్కువే పెరిగితే ఇంకడమే అడ్డుపడుతోందని అర్థం. అప్పుడు రసాన్ని ఇంకా పలచన చేసుకుని అన్ని కొలతలూ మళ్లీ తీసుకోవాలి. రికార్డులో ఈ పరీక్ష రాస్తే మీ పని విలువ పెరుగుతుంది.

ఇక ఎంజైమ్ గట్టును ఎలా తగ్గిస్తుందన్నది. ఉన్న గట్టును తవ్వదు, వేరే దారి చూపిస్తుంది. విజయవాడలో చిట్టినగర్ సొరంగం తెలుసు కదా. కొండ ఎక్కి దిగే పని లేకుండా అవతలికి చేరుస్తుంది. సొరంగం మన బండిలో పెట్రోలు పోయదు, అవతలి పేటను పైకో కిందకో జరపదు, అటు నుంచి ఇటు వచ్చేవాళ్లకూ అదే దారి. ఎంజైమ్ కూడా అంతే. శక్తి ఇవ్వదు, డెల్టా హెచ్‌ను (ఎంథాల్పీ మార్పును) మార్చదు, పురోగామి చర్యనూ తిరోగామి చర్యనూ సమానంగా వేగవంతం చేస్తుంది కాబట్టి సమతాస్థితిని కూడా మార్చదు. అక్కడికి త్వరగా చేరుస్తుంది.

కెటలేజ్ విషయంలో ఆ వేరే దారి ఏమిటో స్పష్టంగా తెలుసు. దాని ఒక్కో ఉపభాగం గర్భంలో ఒక ఇనుము పరమాణువు ఉంటుంది, హిమోగ్లోబిన్‌లో ఉన్నట్టే హీమ్ చట్రంలో కూర్చుని. మొదటి పెరాక్సైడ్ అణువు వచ్చి తన ఆక్సిజన్లలో ఒకదాన్ని ఆ ఇనుముకు అప్పగించి, తాను నీరుగా వెళ్లిపోతుంది. రెండో అణువు వచ్చి తన రెండు హైడ్రోజన్లనూ ఆ ఆక్సిజన్‌కు ఇచ్చేస్తుంది. అక్కడ ఇంకో నీటి అణువు తయారవుతుంది, రెండో అణువులో మిగిలిన ఆక్సిజన్ జంట వాయువై బుడగలో చేరుతుంది. ఇనుము మళ్లీ మొదటి స్థితికి వచ్చి తర్వాతి అణువు కోసం సిద్ధంగా ఉంటుంది. ఒక్క పెద్ద గట్టు స్థానంలో రెండు చిన్న మెట్లు వచ్చాయి. చుట్టూ ఉన్న ప్రొటీన్ గొలుసు పెరాక్సైడ్‌ను సరైన కోణంలో పట్టి నిలబెడుతుంది, ఆ నడిమి అవస్థను తేలిక చేస్తుంది.

గట్టు కొద్దిగా తగ్గినా ఫలితం ఎంత పెద్దదో చూడండి. కాలేజీ ల్యాబ్‌లో ఉండే పొటాషియం అయొడైడ్ కలిపితే 75 కాస్తా సుమారు 56 అవుతుంది. 30 డిగ్రీల దగ్గర ఆ 19 తేడాకే వేగం దాదాపు 1900 రెట్లు. కెటలేజ్‌తో గట్టు 19కి దిగిందనుకుంటే ఘాతాంకం ఒక్కటే 400 కోట్ల రెట్లు దాటుతుంది. అయితే అర్హీనియస్ సమీకరణంలో ఘాతాంకం ముందుండే గుణకం రెండు దారులకూ ఒకటే కాదు, కాబట్టి ఈ అంకెను పరిమాణం ఎంతటిదో తెలుసుకోవడానికే వాడండి, కచ్చితమైన నిష్పత్తి అని రాయకండి.

ఎంజైమ్ త్వరగా చేరుస్తుందే గానీ చేరే చోటును మార్చదన్నదాన్ని నమ్మకం మీద తీసుకోనక్కర్లేదు, కొలిచి చూడవచ్చు. ఒక శాతం పెరాక్సైడ్ 5 మిల్లీలీటర్లు పూర్తిగా విడిపోతే మన ఊరి గది వేడిలో సుమారు 18, 19 మిల్లీలీటర్ల ఆక్సిజన్ రావాలి. దాన్ని నీళ్ల మీదుగా కొలజాడీలో పట్టండి. ఒకసారి బంగాళదుంప రసంతో, ఒకసారి మాంగనీస్ డయాక్సైడ్ చిటికెడుతో చేయండి. రెండింట్లోనూ చివరికి దాదాపు అంతే వాయువు వస్తుంది, తేడా అంతా ఎంతసేపట్లో వచ్చిందన్నదే. రసం రెట్టింపు పోసినా చివరి మొత్తం పెరగదు.

60 డిగ్రీల దగ్గర బిళ్ల తేలకపోవడం వేరే కథ. కెటలేజ్ ఒక ప్రొటీన్, బలహీనమైన బంధాలతో ఒక ఆకారంలో మడిచి కట్టిన గొలుసు. వేడికి ఆ మడతలు విడిపోతే ఇనుము చుట్టూ ఉన్న అమరిక పోతుంది. ఈ విడిపోవడం కూడా ఒక రసాయన మార్పే, దానికీ ఉత్తేజన శక్తి ఉంది. కాకపోతే ప్రొటీన్లు విడిపోవడానికి అది చాలా ఎక్కువ, కొన్ని వందల కిలోజౌళ్లు. పైన చెప్పిన లెక్క ఇక్కడ వేయండి: గట్టు ఎత్తైనదైతే వేడికి విపరీతంగా స్పందిస్తుంది. 300 అనుకుంటే 50 నుంచి 60 డిగ్రీలకు వెళ్లేసరికి ఎంజైమ్ చెడిపోయే వేగం 28 రెట్లకు పైగా అవుతుంది. అదే పది డిగ్రీలకు ఎంజైమ్ చేసే పని పెరిగేది నాలుగో వంతు లోపే. అందుకే ఉష్ణోగ్రతకు ఎదురుగా ఎంజైమ్ వేగం గీసిన గ్రాఫ్ ఎడమ వైపు మెల్లగా ఎక్కి, కుడి వైపు అమాంతం పడిపోతుంది. తోడు వేసే ముందు పాలల్లో వేలు పెట్టి చూడడం, కాగుతున్న పాలల్లో తోడు వేస్తే తోడుకోకపోవడం ఇదే కోవలోవి. అక్కడ చెడిపోయేది బాక్టీరియా, దాని ఎంజైములతో సహా.

దీని నుంచి ఒక పని సూత్రం వస్తుంది. ఎంజైమ్‌కు "అనుకూల ఉష్ణోగ్రత" అని పుస్తకంలో ఒక అంకె ఇస్తారు గానీ, అది మీరు రసాన్ని ఎంతసేపు వేడిలో ఉంచారన్నదాన్ని బట్టి జరుగుతుంది. 50 డిగ్రీల దగ్గర రెండు నిమిషాలు ఉంచితే ఒక జవాబు, అరగంట ఉంచితే వేరే జవాబు. కాబట్టి ప్రతి ఉష్ణోగ్రత దగ్గరా రసాన్ని సరిగ్గా ఐదేసి నిమిషాలు ఉంచి, ఆ ఐదు నిమిషాలనూ రికార్డులో రాయండి. 60లో ఉంచిన రసాన్ని తిరిగి 30కి చల్లార్చి ఒక బిళ్ల వేయండి. అప్పటికీ తేలకపోతే ఎంజైమ్ చెడిందని రుజువు. ఫ్రిజ్‌లో 5 డిగ్రీల దగ్గర ఉంచిన రసాన్ని 30కి తెచ్చి వేస్తే మామూలుగానే పని చేస్తుంది. చలి నెమ్మదింపజేస్తుంది, వేడి చెడగొడుతుంది. ఈ రెండూ ఒకటి కావు.

మళ్లీ చేసేటప్పుడు ఈ జాగ్రత్తలు తీసుకోండి. మెడికల్ షాపులో దొరికేది సాధారణంగా 6 శాతం, సీసా మీద 20 వాల్యూమ్ అని ఉంటుంది. ఒక వంతు పెరాక్సైడ్‌కు ఐదు వంతుల నీళ్లు కలిపితే ఒక శాతం అవుతుంది. ఆరు శాతాన్ని అలాగే వాడితే వచ్చే వేడికి ద్రావణం ఉష్ణోగ్రత ఉన్నదానికన్నా దాదాపు 40 డిగ్రీలు పెరగగలదు, మీరు ఏ ఉష్ణోగ్రత దగ్గర కొలుస్తున్నారో మీకే తెలియదు. పైగా గాఢమైన పెరాక్సైడ్ కెటలేజ్‌ను కూడా చెడగొడుతుంది. ఒక శాతంలో ఆ వేడి పూర్తిగా విడిపోయినా ఏడు డిగ్రీల లోపే, బిళ్ల తేలే కొద్దిసేపట్లో లెక్కలోకి రాదు. ల్యాబ్‌లో ఉండే 30 శాతం సీసా జోలికి వెళ్లకండి, చర్మాన్ని కాలుస్తుంది.

50 గ్రాముల బంగాళదుంప తొక్క తీసి, 50 మిల్లీలీటర్ల చల్లటి నీళ్లతో మిక్సీలో తిప్పి పల్చటి గుడ్డలో వడకట్టి, గిన్నెను ఐసు మీద ఉంచండి. గంటలోపే వాడేయాలి, గోధుమరంగుకు తిరిగిన రసంతో వచ్చే కొలతలు నమ్మదగ్గవి కావు. ప్రతిసారీ ముంచే ముందు కలపండి, అడుగున పిండి పేరుకుంటుంది. బిళ్లలన్నీ ఒకే కాగితం నుంచి పంచింగ్ మిషన్‌తో తీయాలి. పట్టకారుతో ముంచి, ఐదు సెకన్లు ఆగి, గ్లాసు అంచుకు ఒకసారి ఆనించి చుక్క కారనిచ్చాకే వేయండి. ప్రతి బిళ్లకూ పెరాక్సైడ్ మార్చండి, ఒకే గ్లాసులో పది బిళ్లలు వేస్తే చివరివాటికి గాఢత తగ్గి ఉంటుంది.

ఎండాకాలంలో మన దగ్గర పెద్ద ఇబ్బంది నీళ్లే. మే నెలలో మధ్యాహ్నం డాబా మీద ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు 40 దాటి ఉంటాయి, గది వేడే 35 పైన. గది ఉష్ణోగ్రత 25 అని రాసే అలవాటు మానేయండి. పెద్ద టబ్బులో నీళ్లు పోసి, ఐసు ముక్కలతో దించి, వేడి నీళ్లతో ఎక్కించి 15, 20, 25, 30, 35, 40 దగ్గర కొలవండి. పెరాక్సైడ్ గ్లాసూ రసం గ్లాసూ రెండూ ఆ టబ్బులోనే ఉండాలి. థర్మామీటర్ టబ్బులో కాదు, పెరాక్సైడ్ గ్లాసులో పెట్టి చూడండి. జ్వరం చూసేది పనికిరాదు, 35 కింద చూపించదు. ఇంకో చిన్న దోషం ఉంది: వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది, కాబట్టి వేడి వైపు బుడగలు కాస్త ముందే వస్తాయి. దీనివల్ల మీ ఉత్తేజన శక్తి కొద్దిగా ఎక్కువగా కనిపిస్తుంది. దాన్ని తప్పించలేరు, రాసి పెట్టండి చాలు.

పక్కన పోల్చడానికి ఎంజైమ్ లేని చర్య ఒకటి చేయండి. ల్యాబ్‌లో ఎలాగూ సోడియం థయోసల్ఫేట్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం ప్రయోగం ఉంటుంది, కాగితం మీద గీసిన ఇంటూ గుర్తు గంధకం మసకలో మాయమయ్యే సమయం చూడడం. గది కిటికీలు తీసి చేయాలి, ఘాటు వాయువు వస్తుంది. దాన్ని కూడా 30 దగ్గర, 40 దగ్గర చేస్తే మీరు వెతుకుతున్న రెట్టింపు అక్కడ కనిపిస్తుంది. రెండు గీతలూ ఒకే గ్రాఫ్ మీద గీయండి, అడ్డం ఉష్ణోగ్రత విలోమం, నిలువు వేగపు సంవర్గమానం. ఏటవాలు ఎక్కువున్నది థయోసల్ఫేట్, తక్కువున్నది బంగాళదుంప.

మీ ఊరి మిర్చి కోల్డ్ స్టోరేజీలు కూడా ఈ ఏటవాలు మీదే బతుకుతున్నాయి. ఎండు మిర్చి ఎరుపు గాలిలోని ఆక్సిజన్‌తో మెల్లగా పోతుంది. ఆ చర్యకు గట్టు 50 అనుకుని లెక్క వేస్తే, 40 డిగ్రీల గోదాము నుంచి 5 డిగ్రీల గదికి మార్చగానే వేగం పదకొండో వంతుకు పడిపోతుంది. పూర్తిగా ఆగదు. గట్టు చిన్నదైన చర్యకు అదే చలి అంత మేలు చేయదు.

పరీక్షలో రాసేటప్పుడు "ఎంజైమ్ క్రియాజనకాల శక్తిని పెంచుతుంది" అని గానీ "డెల్టా హెచ్‌ను తగ్గిస్తుంది" అని గానీ రాయకండి. "తక్కువ ఉత్తేజన శక్తి గల ప్రత్యామ్నాయ మార్గాన్ని కల్పిస్తుంది" అని రాయండి, కింద శక్తి గ్రాఫ్‌లో ఎంజైమ్ ఉన్న వక్రం, లేని వక్రం రెండూ ఒకే చోట మొదలై ఒకే చోట ముగిసేలా గీయండి. చివరగా, రసం కలిసిన పెరాక్సైడ్‌ను మూత ఉన్న సీసాలోకి మాత్రం తిరిగి పోయకండి. ఎంజైమ్ లోపల పని చేస్తూనే ఉంటుంది, ఆక్సిజన్ పోగై సీసా పగులుతుంది. నీళ్లు ఎక్కువ కలిపి సింక్‌లో పారబోయండి.